దూరదర్శనమును సంఘముగా చూచుట – ఒక మధ్యాహ్నపు, ఒక సాయంకాలపు పాఠము

సంఘ సభ్యులైన రైతు సోదరులకును సోదరీమణులకును ఈ నెల పాఠముగా మేము దూరదర్శనమును ఎంచుకొంటిమి. అది వినోద సాధనము గదా, సహకార సంఘ పత్రికలో దాని ప్రసక్తి యేల యని కొందఱకు తోచవచ్చును. కాని మన దేశమున ప్రభుత్వ దూరదర్శనము రైతును మఱచి పుట్టలేదు. 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రసారములు ప్రారంభమైనవి. 1967వ సంవత్సరము జనవరి 26వ తేదీన ‘కృషి దర్శన్’ అను వ్యవసాయ కార్యక్రమము మొదలైనది. ఢిల్లీ చుట్టుపట్ల 80 గ్రామములలో సామూహిక యంత్రములు పెట్టి రైతులకు దానిని చూపిరి. నాటినుండి నేటివఱకు సాయంకాల ప్రసారములలో రైతునకొక భాగము ఉండుచునే యున్నది.

ఉండియు దాని ఫలము పొలములో ఎంత కనబడుచున్నది? బొమ్మ కదలును, మాట వినబడును, అరగంట గడచును. మఱునాడు మడిలో నిన్నటి పనియే సాగును. ఇందుకు రైతు మొద్దుతనము కారణము కాదు. చూచుటకును చేయుటకును నడుమ ఇంకొక పని కలదు. ఆ పని ఒంటరి రైతునకు భారము, సంఘమునకు సులభము. ఈ సంగతిని వెనుకటి అనుభవములచేత నిరూపించి, సంఘము ఒక మధ్యాహ్నమును ఒక సాయంకాలమును ఎట్లు వినియోగింపవచ్చునో చెప్పుట ఈ పాఠముయొక్క ఉద్దేశము.

1. ఆకాశమునుండి వచ్చిన పాఠము

1975వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీ మొదలు 1976వ సంవత్సరము జూలై 31వ తేదీవఱకు మన దేశమున ఒక పెద్ద పరీక్ష జరిగినది. దానిని ‘సైట్’ అని పిలిచిరి. అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసావారు తమ ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఆ యొక్క యేడాదికి మనకు ఉపయోగింపనిచ్చిరి. ఆరు రాష్ట్రములలో, 20 జిల్లాలలో, సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన యంత్రములు చేరినవి. నాటి ఆంధ్రప్రదేశమున హైదరాబాదు, మెదకు, మహబూబునగరము, కర్నూలు జిల్లాల గ్రామములు అందులో చేరియుండెను. ఆ యంత్రములను తయారు చేసినది హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. అను ప్రభుత్వ సంస్థయే.

ఏర్పాటు ఇట్లుండెను. అహమ్మదాబాదునందలి భూకేంద్రమునుండి చిత్రమును శబ్దమును పైకి పంపుదురు. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తుననున్న ఉపగ్రహము వానిని గ్రహించి తిరిగి క్రిందికి పంపును. గ్రామములో పది అడుగుల వెడల్పు గల గొడుగువంటి సాధనము, కోళ్లకు కట్టు తీగవలవంటి వలతో చేసినది, ఆకాశమువైపు తిరిగియుండును. అది ఆ ప్రసారమును పట్టి యంత్రమునకు అందించును. పట్టణమునకు రాకముందే కొన్ని కుగ్రామములకు దూరదర్శనము వచ్చుట అందఱకును వింతగా నుండెను.

ప్రసారము దినమునకు నాలుగు గంటలు. ఉదయము గంటన్నర బడిపిల్లలకు. సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. నడుమ మధ్యాహ్నమున ప్రసారము లేదు. సాయంకాలపు భాగములో అరగంటసేపు అన్ని రాష్ట్రములకును ఉమ్మడిగా హిందీలో వార్తలును ఇతర విషయములును వచ్చుచుండెను. తక్కిన కాలమును హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషల గ్రామములు వంతులవారీగా పంచుకొనవలసి వచ్చెను. ఉపగ్రహము ఒక చిత్రముతో రెండు శబ్దములను పంపగలిగినందున ఒకే బొమ్మను రెండు భాషలలో వినిపించుటకు వీలు కలిగెను. ఆ సాయంకాలములలో వ్యవసాయము, పశుపోషణ, ఆరోగ్యము, ఆహారము, కుటుంబ నియంత్రణము, ఆటపాటలు ఉండెడివి. బడి సెలవులలో ఈ ఏర్పాటు ద్వారానే దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు శాస్త్రబోధనయందు శిక్షణ యిచ్చిరి.

2. పరీక్షలో తేలిన సంగతి

ఈ పరీక్షయొక్క ఫలితములను పండితులు గ్రామములలో నివసించి పరిశీలించిరి. వారు కనుగొన్న వానిలో మూడు విషయములు మన సంఘములకు ముఖ్యములు.

మొదటిది: తొలినాళ్ల వింత తీరిన పిమ్మట జనము పలుచబడెను. యంత్రము ఉన్నంతమాత్రమున చూపరులు నిలువరు. తమకు పనికివచ్చునది, తమ యాసలో, తమకు తీరికయగు వేళ వచ్చినప్పుడే నిలుతురు.

రెండవది: ఆరోగ్యము, ఆహారము మొదలగు విషయములలో పురుషులకంటె స్త్రీలును, చదువు వచ్చినవారికంటె రానివారును హెచ్చుగా నేర్చుకొనిరి. పుస్తకము ఎవరికి దూరమో వారికే బొమ్మ దగ్గరయైనది. వ్యవసాయ సమావేశములకు చదువరులైన మగవారినే పిలుచు మన యలవాటును ఈ సంగతి ప్రశ్నించుచున్నది.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. వ్యవసాయ పద్ధతులలో రైతులు అదనపు ఖర్చును, క్రొత్త వసతులను కోరని వానినే అవలంబించిరి. డబ్బు, సరకు, నీరు, పనిముట్టు కావలసిన పద్ధతులు తెలిసియు ఆచరణలోనికి రాలేదు. తెలియకపోవుట ఒక లోపము. తెలిసి చేయలేకపోవుట వేఱొక లోపము. మొదటిదానిని దూరదర్శనము తీర్పగలదు. రెండవదానిని తీర్పవలసినది సంఘము.

3. వినుటకును చర్చించుటకును గల భేదము

ఇంతకు పూర్వమే, 1956వ సంవత్సరమున, పూనా ప్రాంతమున ఆకాశవాణివారు యునెస్కో సహాయముతో ఇట్టి పరీక్ష నొకదానిని రేడియోతో జరిపిరి. నేటి మహారాష్ట్రములోని అయిదు జిల్లాలయందు సుమారు 150 గ్రామములలో రేడియో రైతు గోష్ఠులు ఏర్పడినవి. ఒక్కొక్క గోష్ఠిలో ఇరువదిమంది వఱకు సభ్యులు, ఒక సంచాలకుడు, ఒక కార్యదర్శి. వారమునకు రెండు పర్యాయములు ప్రసారము, ఒక్కొక్కటి అరగంట. ప్రసారము ముగియగానే సభ్యులు లేచి పోరు. విన్నదానిని గూర్చి చర్చింతురు; సందేహములను వ్రాసి పంపుదురు; వానికి తరువాతి ప్రసారములలో సమాధానములు వచ్చును.

పరిశీలకులు ఈ గ్రామములతోపాటు రేడియో ఉండి గోష్ఠి లేని గ్రామములను, రేడియోయే లేని గ్రామములను కూడ పరీక్షించిరి. గోష్ఠి గ్రామములలో తెలివి విశేషముగా పెరిగెను. రేడియో మాత్రమున్న గ్రామములు రేడియో లేని గ్రామములకంటె ఎంతో ముందుకు పోలేదు. ప్రసారము అన్నిచోట్లను ఒకటియే. భేదము చర్చలో నున్నది. విత్తనము మంచిదైనను దున్నని నేలపై చల్లినచో కాకులకు మేతయగును. చర్చలేని ప్రసారము అట్టిదే.

4. పాల సంఘములో దూరదర్శనము

గుజరాతులోని ఖేడా జిల్లా సహకారోద్యమమునకు పెట్టినది పేరు. 1946లో అచటి పాడిరైతులు నెలకొల్పుకొన్న జిల్లా సంఘమే నేటి అమూల్‌కు మూలము. ఆ జిల్లాలోని పీజ్ అను గ్రామమున 1975వ సంవత్సరమున ఒక చిన్న ప్రసార యంత్రమును నెలకొల్పి, అహమ్మదాబాదులోని ఇస్రో శాఖవారు స్థానికముగా కార్యక్రమములు తయారుచేసి ప్రసారము చేసిరి. సుమారు 400 గ్రామములలో సామూహిక యంత్రములను పెట్టిరి. అవి సాధారణముగా పాల సంఘముల భవనములలోనే యుండెను.

ఇందలి తెలివిని గమనింపుడు. పాలు పోయుటకు సాయంకాలమున ఊరివారు ఎట్లును సంఘమునకు వత్తురు. అచటనే యంత్రమున్నది. పశువుల దాణానుగూర్చి పాఠము వచ్చినచో దాణా విషయము అడుగదగిన సంఘము ఎదుటనే యున్నది. పాత్రలు మాటలాడునది ఆ ప్రాంతపు యాస. నటించినవారిలో గ్రామీణులును ఉండిరి. కథలలో కూలిరేట్లు, అంటరానితనము, త్రాగుడు మొదలైన ఊరి చిక్కులే వచ్చుచుండెను. 1984లో ఈ ప్రయత్నమునకు గ్రామీణ ప్రసార కృషికై యునెస్కో బహుమానము లభించెను. చూచుచోటును, అడుగుచోటును, సరకు దొరకుచోటును ఒకటియగుట మన సంఘములకు ఆదర్శము.

5. మన సంఘమున ఒక మధ్యాహ్నము

హైదరాబాదులో దూరదర్శన కేంద్రము 1977లో ప్రారంభమైనది. నేడు తెలంగాణమునకు యాదగిరి, ఆంధ్రప్రదేశమునకు సప్తగిరి అను ప్రభుత్వ వాహినులు తెలుగులో ప్రసారము చేయుచున్నవి. 2015వ సంవత్సరము మే 26వ తేదీన రైతులకే ప్రత్యేకముగా కిసాన్ వాహిని ప్రారంభమైనది. కావున కార్యక్రమములకు కొదువ లేదు. వానిని వినియోగించుకొను క్రమము కావలయును. మేము సూచించు క్రమము ఇది.

వారమునకు ఒక దినమును ఏర్పఱుపుడు. సంఘ కార్యదర్శి ఆ వారపు కార్యక్రమ పట్టికను ముందుగా తెలిసికొని, మన పంటలకును ఈ కాలమునకును తగిన యొక కార్యక్రమమును ఎన్నుకొనవలయును. వేళలు మాఱుచుండును గనుక ప్రతి వారమును చూచుకొనుట అవసరము. దాని పేరును గంటను సంఘము గోడపై నల్లబల్లమీద వ్రాయింపవలయును.

ఆ దినము మధ్యాహ్నము రెండు గంటలకు స్త్రీల కూటమి జరుగవలయును. సాయంకాలము పాలు పితుకుట, వంట, పిల్లల పని వారిని కదలనీయవు. సాయంకాలమే కూటమి పెట్టి ఆడవారు రాలేదని చెప్పుట న్యాయము కాదు. నాటు, కలుపు, కోత, విత్తనము దాచుట, పశువుల పోషణ వారి చేతులలోనే యున్నవి. గడచిన వారపు ప్రసారమును యూట్యూబులో పెట్టియున్నచో సెల్‌ఫోనునుండి పెద్ద తెరపై మధ్యాహ్నమున వారికి చూపవచ్చును. చూపిన పిమ్మట వారి సందేహములను ఒక సభ్యురాలు వ్రాసికొనవలయును. సాయంకాలపు చర్చలో ఆ సందేహములనే మొదట చదువవలయును.

అదే మధ్యాహ్నమున యంత్రమును ఒకరు పరీక్షింపవలయును. తీగలు, బ్యాటరీ, శబ్దము సరిగా నున్నవో లేవో ముందే చూచినచో సాయంకాలము నలుబదిమంది వచ్చి ఊరక తిరిగిపోవుట తప్పును. ఈ బాధ్యతను ఒకరికి పేరుపెట్టి అప్పగింపవలెను. అందఱి పని యనిన ఎవరి పనియు కాదు.

6. మన సంఘమున ఒక సాయంకాలము

ప్రసారమునకు పావుగంట ముందు సభ్యులు చేరవలయును. సంచాలకుడు రెండు ప్రశ్నలు అడుగును: ఈ విషయమునుగూర్చి ఇప్పుడు మనమేమి చేయుచున్నాము? అందులో మనకు నష్టమెచ్చట వచ్చుచున్నది? ఈ రెండు ప్రశ్నలు మనసులో నున్నవాడు ప్రసారమును వేఱుగా చూచును.

ప్రసారమప్పుడు ఒకరు మూడు విషయములు మాత్రము వ్రాసికొనవలయును: చేయవలసిన పని, దాని మోతాదు, దాని కాలము. ఎకరమునకా హెక్టారునకా యని తప్పక గుర్తింపవలయును. ఒక హెక్టారు దాదాపు రెండున్నర యెకరములు. హెక్టారు మోతాదును ఎకరమునకు వేసినచో ఖర్చు రెండున్నర రెట్లగుటయే గాక పైరుకును హాని కలుగవచ్చును.

ముగిసిన పిమ్మట అరగంట చర్చ. విన్న సలహాలను రెండు కుప్పలుగా పోయుడు: ఖర్చు లేనివి, ఖర్చు గలవి.

ఖర్చు లేనిదానికి ఉదాహరణము విత్తనపు మొలక పరీక్ష. నూఱు వడ్లగింజలను లెక్కించి తడిగుడ్డలోనో గోనెపట్టాలోనో వరుసగా పేర్చి చుట్టి, నీడను ఉంచి, తేమ ఆఱకుండ వారము పది దినములు కాపాడి, మంచి మొలకలను లెక్కింపవలయును. ధ్రువీకరించిన వరి విత్తనమునకు నూటికి 80, వేరుసెనగకు నూటికి 70 మొలకలు కనీస ప్రమాణములు. మన వడ్లలో 64 మాత్రమే మొలచినవనుకొందము. ఎకరమునకు 25 కిలోలు చల్లు రైతు 25ను 80తో హెచ్చించి 64తో భాగింపగా 31 కిలోలకు పైగా వచ్చును. అనగా ఆరు కిలోలు అదనముగా కావలయును. లేదా వేఱు విత్తనము చూచుకొనవలయును. ఈ సంగతి నారుపోయుటకు ముందు తెలిసిన లాభము. తరువాత తెలిసిన నారుమడి పలుచనై అదనును తప్పును. ఈ పరీక్షకు ఒక్క పైసా ఖర్చు లేదు. కావున ఆ రాత్రియే నలుగురు సభ్యులు తమ విత్తనములను పరీక్షించుటకు ఒప్పుకొని, తరువాతి కూటమికి ఆ గుడ్డలను తెచ్చి చూపవలయును.

ఖర్చు గలదానికి ఉదాహరణము వరిలో జింకు లోపము. ఆకులపై త్రుప్పు రంగు మచ్చలు కలిగి పైరు గిడసబాఱినచో జింకు సల్ఫేటు వేయుమని ప్రసారములో చెప్పుదురు. ఎకరమునకు 20 కిలోలు దుక్కిలో వేయుట ఒక పద్ధతి. పైరుమీద కనబడినప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి పిచికారి చేయుట రెండవ పద్ధతి. ముప్పదిమంది సభ్యులకు ఒక్కొక్కరికి రెండెకరముల చొప్పున 60 ఎకరములు ఉన్నవనుకొందము. దుక్కిలో వేయుటకు 1,200 కిలోలు, అనగా 50 కిలోల లెక్కను 24 బస్తాల యెత్తు సరకు కావలయును. పిచికారికైనచో ఎకరమునకు 200 లీటర్ల లెక్కను ఒక్క పర్యాయమునకు 24 కిలోలు చాలును.

ఈ లెక్కను ముప్పదిమంది ముప్పది ఇండ్లలో వేయరు. వేసినను ఒక్కొక్కడు అంగడికి పోయి ఉన్న సరకును చెప్పిన ధరకు, తఱచు అప్పుమీద, తెచ్చుకొనును. సంఘము ఆ రాత్రియే లెక్కవేసి, తీర్మానముల పుస్తకమున వ్రాసి, మఱునాడు ఇండెంటు పంపినచో సరకు అదనుకు వచ్చును. దాని నాణ్యమును అడుగు అధికారమును సంఘమునకుండును. జింకు సల్ఫేటును సూపరు ఫాస్ఫేటు మొదలగు భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదను ముఖ్యమైన మాటను కూడ సరకు పంచునప్పుడే ప్రతివానికి మఱల చెప్పవచ్చును.

దుక్కిలో వేయుటకు ముందు ఆ నేలలో జింకు లోపము నిజముగా ఉన్నదో లేదో మట్టి పరీక్షచేత తెలిసికొనుట మేలు. తెరపై కనబడిన మచ్చయు మన మడిలోని మచ్చయు ఒకటియే యని తొందరపడి నిశ్చయింపరాదు. ఆకును తెచ్చి వ్యవసాయ విస్తరణాధికారికి చూపుడు. ఆయన దొరకనప్పుడు 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే, రుసుము లేకుండ, సలహా చెప్పుదురు.

7. గమనింపవలసిన జాగ్రత్తలు

ప్రసారమునకు నడుమ వచ్చు వర్తక ప్రకటనకును పాఠమునకును భేదము తెలిసికొనుడు. ప్రకటన సరకును అమ్మవలెనని చెప్పును. పాఠము పంటను కాపాడవలెనని చెప్పును. మందు పేరు విని కొనుటకు పరుగెత్తక, ఏ పురుగునకు, ఎంత మోతాదున, కోతకు ఎన్ని దినములు ముందు ఆపవలెనో తెలిసికొనుడు.

కౌలురైతును చర్చలో వెనుక కూర్చుండబెట్టకుడు. భూమి పట్టా ఆయన పేర లేకపోవచ్చును. నష్టము మాత్రము ఆయనదే. ఇండెంటులో ఆయన సాగుచేయు ఎకరములను కూడ చేర్పవలయును.

పరీక్షింపని క్రొత్త పద్ధతిని చేనంతటను పెట్టకుడు. సంఘమునుండి ఇద్దఱు ముగ్గురు పావు ఎకరమున చేసి చూపినచో, అది ఫలించినను ఫలింపకున్నను ఊరంతటికిని పాఠమగును. ఫలింపనిచో ఎందుకు ఫలింపలేదో ప్రసార కేంద్రమునకు జాబు వ్రాయుడు. పూనా గోష్ఠులు చేసినది ఇదియే. జాబు రానిచో చెప్పువారికి వినువారి యిబ్బంది తెలియదు.

8. ముగింపు

1976 జూలై 31తో ఉపగ్రహపు గడువు తీరెను. ఉపగ్రహము కొన్నాళ్లకు పోవును, యంత్రము చెడిపోవును, కార్యక్రమము పేరు మాఱును. ప్రసారము విన్న రాత్రి కూర్చుండి లెక్కవేయు అలవాటు సంఘమునకు పట్టువడినచో అది మాత్రము పోదు. వారమునకు ఒక మధ్యాహ్నము, ఒక సాయంకాలము: ఇంతకంటె మేము సభ్యులను అడుగుట లేదు.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. గత నెలలో మన సభ్యులు చూచిన వ్యవసాయ ప్రసారములలో ఆచరణలోనికి వచ్చినవి ఎన్ని? రానివానికి అడ్డువచ్చినది తెలియమియా, డబ్బా, సరకా, నీరా?

2. మన ఊరి స్త్రీలకు ఏ గంట తీరికయైనది? వారినే అడిగి వ్రాయుడు.

3. రాబోవు పంటకు మీ విత్తనములో నూటికి ఎన్ని గింజలు మొలచినవి? ఆ లెక్కను బట్టి మీకు ఎకరమునకు ఎన్ని కిలోలు కావలయును?

4. మన సంఘమున కౌలుకు సాగగు ఎకరములు ఎన్ని? అవి ఇండెంటులో చేరినవా?

5. యంత్రమును పరీక్షించు బాధ్యతను ఎవరికి అప్పగింతుము? చర్చను వ్రాయువారెవరు?